మనిషి రాసినట్టు రుజువేమిటి

ప్రభుత్వ కార్యాలయం మెట్ల కింద, కరెంటు మీటర్ల పక్కన, సరిగ్గా ఒక టేబులూ రెండు కుర్చీలూ పట్టేంత జాగా ఉంది. ఆ జాగాలో ముప్పై ఒక్క ఏళ్లుగా ఒక మనిషి కూర్చుని అర్జీలు రాస్తున్నాడు. తల్లిదండ్రులు ఆయనకొక పేరు పెట్టే ఉంటారు గానీ, అది కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. అందరికీ ఆయన గెజిట్. ప్రభుత్వం ఎప్పుడు ఏ ఉత్తర్వు ఇచ్చింది, దాని నంబరెంత, తేదీ ఏమిటి, అందులో ఏ మూల ఏ మెలిక పెట్టింది, అన్నీ ఆయనకు నోటికి వచ్చు. వాన పడుతోందంటే అది ఏ నిబంధన కింద పడుతోందో కూడా చెప్పేలా ఉంటాడు. ఆ పేరు పెట్టినవాళ్లు వెక్కిరించడానికే పెట్టారు. ఆయన మాత్రం దాన్ని బిరుదుగా తీసుకున్నాడు.

మొదట్లో టైపుమిషను మీద కొట్టేవాడు. తర్వాత కంప్యూటరు కొన్నాడు. ఇప్పుడు ఆ కీబోర్డు మీద అక్షరాలన్నీ అరిగిపోయి ఉత్త నల్ల బిళ్లలే మిగిలాయి. ఆయనకు వాటిని చూడాల్సిన అవసరం లేదు. ఆ మాటకొస్తే వచ్చిన మనుషుల్ని చూడాల్సిన అవసరమూ పెద్దగా లేదు. ఎవరొచ్చినా తల ఎత్తకుండా నాలుగు ప్రశ్నలు అడుగుతాడు: పేరు, ఇంటి నంబరు, ఎప్పటినుంచి, ఏం కావాలి. ఐదో ప్రశ్న అడగాల్సి వచ్చిందంటే అది రాసేవాడి చేతగానితనం అని ఆయన సిద్ధాంతం. మిగతాదంతా వేళ్లకే తెలుసు. "గౌరవనీయులైన అధికారి గారి సముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా" దగ్గర బయల్దేరి "ఇట్లు తమ విధేయుడు" దగ్గర ఆగుతాయి. మధ్యలో వచ్చే కష్టం కుళాయిదైనా, పింఛనుదైనా, పక్కింటివాడు జరిపిన గోడదైనా సరే, ఒకే రకం చొక్కా తొడుక్కుని చేతులు కట్టుకుని నిలబడుతుంది. పదకొండు నిమిషాల్లో అర్జీ తయారు.

పని మొదలుకాకముందు ఒక అరగంట మాత్రం ఆయన సొంతం. పేపర్లో టెక్నాలజీ పేజీ తీసి, పక్కనే జిరాక్స్ మిషను పెట్టుకున్న ఆయనకు చదివి వినిపిస్తాడు. జిరాక్స్ ఆయన దృష్టిలో టెక్నాలజీ అంటే మిషన్లో కాగితం ఇరుక్కోకుండా ఉండటమే. అయినా వింటాడు. వినకపోతే గెజిట్ మళ్లీ మొదటి నుంచి చదువుతాడు.

"విన్నారా," అన్నాడు ఒకరోజు. "మాట్లాడే మిషన్లు చేసే కంపెనీ పెద్దమనిషి ప్రభుత్వం ముందుకెళ్లి, ఇది మహా ప్రమాదకరమైన వస్తువు, మమ్మల్ని ఎవరైనా అదుపులో పెట్టండి బాబూ అని మొరపెట్టుకున్నాడట. మొరపెట్టుకుని ఇంటికెళ్లి, సాయంత్రానికి ఇంకో కొత్తది విడుదల చేశాడు."

"మరి ఆయనే ఆపేయొచ్చు కదండీ."

"ఆ ఒక్కటీ అడక్కండి. మీట ఆయన చేతిలోనే ఉంది. దాన్ని నొక్కమని చెప్పే చట్టం ప్రభుత్వం తేవాలట. ప్రభుత్వం మాత్రం ఊరుకుంటుందా, పదిహేడు మందితో కమిటీ వేసింది. అందులో పదకొండు మంది ఆ కంపెనీలవాళ్లే. రెండేళ్లలో నివేదిక ఇస్తారు. మిషను రెండు నెలలకోసారి మారిపోతుంది. వీళ్ల నివేదిక వచ్చేసరికి దాన్ని చదివి పెట్టేది కూడా ఆ మిషనే."

ఇంకో రోజు వ్యక్తిగత సమాచార రక్షణ మీద విరుచుకుపడ్డాడు. "పూర్వం దొంగలు చెప్పకుండా వచ్చేవాళ్లు. ఇప్పుడు చట్టం వచ్చింది. తలుపు కొట్టి, అయ్యా దోచుకోమంటారా అని అడిగి మరీ దోచుకోవాలి. 'సరే' అన్న బొత్తాం ఇంత పెద్దది పెట్టారు. 'వద్దు' అన్నది ఎక్కడుందో ఏడు పేజీలు వెతికితే గానీ దొరకదు. అందుకని అందరం సరే అంటున్నాం. దీనికి అనుమతి అని పేరు." ఆ మర్నాడు చిన్నపిల్లలు ఫోను చూడకుండా తెచ్చిన వయసు నిబంధన వంతు. "పుట్టిన సంవత్సరం అడుగుతుందట, అదీ కాపలా. మా ఇంటి పక్క పిల్లాడికి ఆరేళ్లు. వాడి ఫోను లెక్క ప్రకారం నలభై మూడు."

ఇలా ఏ చట్టాన్నీ వదలకుండా ఏకిపారేసిన మనిషి జన్మలో ఒక్కసారి, ఒకే ఒక్క చట్టాన్ని నెత్తిన పెట్టుకున్నాడు. కొంప ముంచింది అదే.

జరిగిందేమిటంటే, ఆ మాట్లాడే మిషన్లు జనం ఫోన్లలోకి వచ్చాయి. వచ్చి, అర్జీలు రాయడం మొదలుపెట్టాయి. గెజిట్‌కి పదకొండు నిమిషాలు పట్టే పని అవి పదకొండు సెకన్లలో చేసేశాయి. ఆయన ఎదుట కుర్చీ రోజంతా ఖాళీగా ఉండేది. కార్యాలయం లోపల మాత్రం అర్జీలు ముంచెత్తాయి. ఒకే వీధి దీపం మీద ఒకే మనిషి ఒకే రోజు నాలుగు వందల అర్జీలు పెట్టాడు. అన్నీ వేరువేరు బాధతో ఉన్నాయి. దీపం మాత్రం వెలగలేదు. దాంతో ప్రభుత్వానికి తల ప్రాణం తోకకొచ్చి, యంత్రరచనల నియంత్రణ నిబంధనలని ఒక ముసాయిదా వదిలింది. ఇకపై అర్జీ ఏదైనా కౌంటర్లో పరీక్ష మిషను కింద పెట్టాలి. అది యంత్రం రాసిందన్న పోలిక ఎనభై శాతం దాటితే తిరస్కరిస్తారు. ప్రజలు తమ అభిప్రాయాలు ముప్పై రోజుల్లోగా తెలపవచ్చు.

ప్రజల్లో ఒక్కడే తెలిపాడు. ఎనభై శాతం దాకా ఊరుకోవడమేమిటని, యాభై దాటితే చాలు విసిరికొట్టాలని, ఈ విషయంలో మెతకదనం పనికిరాదని, ఆరు పేజీలు రాసి పంపాడు. ఇంకెవరూ రాయలేదు కాబట్టి ప్రభుత్వం దాన్ని ప్రజాభిప్రాయంగా పరిగణించింది. తుది నిబంధనల్లో యాభై అని వచ్చింది. గెజిట్ ఆ పేజీకి ప్లాస్టిక్ తొడుగు వేయించి గోడకు అంటించాడు. ఇంట్లో భార్యకు కూడా చూపించాడు. "మన దేశంలో చట్టాలు చేసేది ఇలాంటివాళ్లా," అని ఆవిడ నిట్టూర్చింది. ఆయన అది మెచ్చుకోలే అనుకున్నాడు.

నిబంధన అమల్లోకి వచ్చిన వారానికి అక్క వచ్చింది.

ఆయనకంటే ఆరేళ్లు పెద్దది. రెండు వీధుల అవతల ప్రాథమిక బడిలో ఆయా. ఇరవై ఆరేళ్లుగా గేటు తీయడం, గంట కొట్టడం, పడ్డ పిల్లల్ని లేపడం ఆవిడ పని. భర్త పోయి తొమ్మిదేళ్లయింది, ఆ ఉద్యోగమే ఆధారం. మూడు నెలల కిందట ఒక పొద్దున లేచేసరికి ఆవిడ మొహం ఎడమ పక్కంతా జారిపోయి ఉంది. మొహానికి వెళ్లే నరం దెబ్బతిందని, ప్రాణానికేం ఫరవాలేదని డాక్టరు చెప్పాడు. ప్రాణం సంగతి డాక్టరు చూసుకున్నాడు గానీ, బడి గేటు పక్కన గోడకు ఒక హాజరు మిషను ఉంది. అది మొహం చూసి హాజరు వేస్తుంది. ఇరవై ఆరేళ్లుగా వస్తున్న ఆయాని అది ఆ రోజు నుంచి ఎవరో అనుకుంది. అలా నలభై ఒక్క రోజులు ఎవరో అనుకుంది.

ఇప్పుడు నోటీసు వచ్చింది. నలభై ఒక్క రోజులు అనుమతి లేకుండా గైర్హాజరు. పదిహేను రోజుల్లోగా సంజాయిషీ అర్జీ దాఖలు కాకపోతే ఉద్యోగం విడిచి పరారైనట్టు భావించి పేరు తొలగిస్తారు.

"హెడ్‌మిస్ట్రెస్‌ని చెప్పమనలేకపోయావా?" అన్నాడు గెజిట్.

"చెప్పింది పాపం. ఈవిడ రోజూ నా కళ్లముందే తిరుగుతోంది అని రాసింది. హాజరు విషయంలో మనుషుల సాక్ష్యం చెల్లదని తిప్పి పంపారు."

"నిజమే, చెల్లదు. పద్నాలుగో నిబంధన, మూడో ఉపనిబంధన," అన్నాడు ఆయన, ఎంత కోపంలోనూ నంబరు మర్చిపోకుండా. "నువ్వేం బెంగపడకు. వాళ్లకు దిమ్మ తిరిగేలా రాస్తాను." వేళ్లు కీబోర్డు మీద పెట్టి, తల దించి, అలవాటు కొద్దీ అడిగాడు: "పేరు?"

అక్క ఒక్క క్షణం ఆయన్ని చూసింది. చూసి, తన పేరు చెప్పింది. ఇంటి నంబరు చెప్పింది. ఎప్పటినుంచో, ఏం కావాలో కూడా చెప్పింది. పదకొండు నిమిషాల్లో అర్జీ తయారైంది. చదివినవాళ్లకు కళ్లు చెమర్చాలన్న ఉద్దేశంతో "దిక్కుతోచని స్థితిలో" అన్న మాట రెండుసార్లు వాడాడు.

కౌంటర్లో ఒక అమ్మాయి ఉంటుంది. నిబంధనలంటే ఆ పిల్లకు ఇష్టమూ లేదు, ద్వేషమూ లేదు. వాటి పక్కన కూర్చుని పొద్దుపుచ్చుతుంది. కాగితాన్ని పరీక్ష మిషను కింద పెట్టింది. ఎర్ర దీపం వెలిగింది.

"తొంభై ఏడు శాతం బాబాయ్ గారూ. యంత్రరచన."

"నీ మిషను పాడైంది. ఇది నేను రాశాను. ఈ చేత్తో."

"నాకు తెలుసండీ. దానికి తెలియట్లేదు."

"దానికెందుకు తెలియదు? ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ ఆఫీసుకి అర్జీలు రాస్తున్నాను నేను."

"అందుకేనండీ," అంది ఆ అమ్మాయి మొహమాటపడుతూ. "మాట్లాడే మిషన్లకి అర్జీ ఎలా రాయాలో నేర్పడానికి ఇక్కడి పాత ఫైళ్లన్నీ కంపెనీవాళ్లకి ఇచ్చారు. నాలుగేళ్ల కిందట లారీలో తీసుకెళ్లారు. అందులో ముప్పావు వంతు మీవే. అవి మీ దగ్గరే నేర్చుకున్నాయి. ఇప్పుడు మీరు రాస్తే వాటిలాగే ఉందంటోంది."

గెజిట్ మెట్ల కిందికి వచ్చి కూర్చున్నాడు. ఏడవాలో గర్వపడాలో ఆయనకు తెలియలేదు. ప్రపంచంలో ఏ మూల ఏ మిషను అర్జీ రాసినా అది తన శిష్యరికమే అన్నమాట. జిరాక్స్ ఆయనకు ఈ ముక్క చెబితే, "అయితే వాటి దగ్గర గురుదక్షిణ వసూలు చేయండి గురువుగారూ," అన్నాడు. గెజిట్ ఆ పూట ఆయనతో మాట్లాడలేదు.

రెండోసారి తెలివి ఉపయోగించాడు. మనిషి తప్పులు చేస్తాడు, మిషను చేయదు. కాబట్టి అర్జీ నిండా తప్పులు పెట్టాడు. "గౌరవనీయులైన" అన్నదాన్ని మూడు రకాలుగా పాడుచేశాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క అక్షరం తప్పు పోనివ్వని చెయ్యి అది, ఒక్కో తప్పు కొడుతుంటే ఒంట్లో సూదులు దిగినట్టు బాధపడ్డాడు. కౌంటర్లో తొంభై మూడు వచ్చింది. కింద ఇంకో వాక్యం కూడా వచ్చింది: పట్టుబడకుండా ఉండేందుకు తప్పులు ఉద్దేశపూర్వకంగా చేర్చినట్టు అనుమానం.

"అనుమానం ఒకటా దానికి," అని గెజిట్ పళ్లు నూరాడు. "నా మీద నా భార్య కూడా ఇంత అనుమానపడలేదు."

మూడోది చేత్తో రాశాడు. పాత మాటలన్నీ ఏరి అవతల పారేశాడు. "విన్నవించుకొనునది" తీసేయడానికి మనసొప్పలేదు, అయినా తీసేశాడు. న్యాయం, ధర్మం, మానవత్వం అని పెద్ద పెద్ద మాటలతో గుండె కరిగేలా నాలుగు పేజీలు నింపాడు. ఈసారి దీపం ఎర్రగా వెలగడానికి కాసేపు ఆలోచించింది. ఆలోచించి ఎర్రగానే వెలిగింది.

"డెబ్బై ఒకటి," అంది అమ్మాయి. తర్వాత, అనాలా వద్దా అని తటపటాయించి అనేసింది. "ముసాయిదాలో ఉన్నట్టు ఎనభై ఉంచి ఉంటే ఇది గట్టెక్కేది బాబాయ్ గారూ. ఎవరో రాసి మరీ యాభైకి తగ్గించారట."

గెజిట్ వెనక్కి తిరిగి వచ్చి గోడ మీది ప్లాస్టిక్ తొడుగు పేజీని చూశాడు. గోళ్లతో అంచు పట్టుకుని లాగాడు. బాగా అంటించినట్టున్నాడు, సగమే ఊడింది. సొంత అక్క కూడు పోయేలా ఆరు పేజీలు రాసింది తానేనని తలుచుకుంటే ఆయనకు తల కొట్టేసినట్టయింది. జిరాక్స్ ఆయన చూడనట్టు నటించాడు. అది ఇంకా సిగ్గనిపించింది.

పదిహేనో రోజు వచ్చింది. కౌంటరు ఐదింటికి మూస్తారు. బడి వదిలాక మూడున్నరకి అక్క వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చుంది. పడిపోయిన వైపు కంట్లోంచి నీళ్లు కారుతూనే ఉంటాయి కాబట్టి కొంగు అక్కడే పెట్టుకుని ఉంది. గెజిట్ ఈసారి ఇంకో ఎత్తు వేశాడు. "నువ్వు చెప్పు అక్కా. నువ్వు చెప్పింది చెప్పినట్టు నేను కొడతాను. అప్పుడు నా మాటలుండవు కదా."

"నేను రోజూ బడికి వస్తూనే ఉన్నాను," అంది అక్క.

ఆయన టకటకా కొట్టాడు. అక్క కుర్చీలోంచి లేచి తెర మీదికి వంగి చూసింది. "ఇదేంట్రా? అర్జీదారురాలు తన విధులకు క్రమం తప్పక హాజరగుచున్నదని రాశావు. నేనలా అనలేదు."

"అర్థం అదే కదా."

"అర్థం అదే. మాట నాది కాదు."

"సరే, మళ్లీ చెప్పు."

"మిషను నన్ను గుర్తుపట్టట్లేదు."

వేళ్లు కదిలాయి. "సదరు యంత్రము" అని వచ్చింది. గెజిట్ గబుక్కున చెరిపేశాడు. మళ్లీ కొట్టాడు. మళ్లీ "సదరు" వచ్చింది. వద్దన్నకొద్దీ వేళ్లు వాటంతటవే అటు పోతున్నాయి. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని వాటి వంక అసహ్యంగా చూశాడు.

అక్క జిరాక్స్ ఆయన దగ్గర ఒక తెల్ల కాగితం అడిగి తీసుకుంది. "పెన్నివ్వు," అంది తమ్ముడితో.

"నువ్వా? నీకు అర్జీ రాయడం ఏం తెలుసు?"

"తెలియదు. ఇటివ్వు."

ఆవిడ చదివింది ఐదో తరగతి. తర్వాత ఇరవై ఆరేళ్లు బడిలోనే ఉంది గానీ చదువుకుంటూ కాదు. ఒక్కో అక్షరం దిద్దుతున్నట్టు రాసింది. ముప్పై ఐదు నిమిషాలు పట్టింది. గెజిట్ గడియారం చూశాడు, మెట్లెక్కి దిగాడు, జిరాక్స్ ఆయన్ని కారణం లేకుండా కసిరాడు. నాలుగూ ముప్పావుకి కాగితం ఆయన చేతికొచ్చింది.

"అయ్యా, నేను బడి ఆయాని. పొద్దున ఆరున్నరకి గేటు తాళం నేనే తీస్తాను. హాజరు మిషను వేడెక్కుతుందని సాయంత్రం ప్లగ్గు తీసేస్తాం. పొద్దున మళ్లీ ప్లగ్గు పెట్టేది నేనే. నేను పెట్టాకే దానికి దీపం వెలుగుతుంది. దీపం వెలగగానే నేను రాలేదని చెబుతుంది. సిబ్బందిని పిలవండి అంటుంది. ఆ టైముకి సిబ్బంది అంటే నేనే. నలభై ఒక్క రోజులు నేను రాలేదని రాసింది. నేను రాకపోతే దాని ప్లగ్గు ఎవరు పెట్టారో దాన్నే అడగండి. నా మొహం ఎడమ పక్క పడిపోయింది. కుడి పక్క పాతదే ఉంది. ఒకటో తరగతి పిల్లలు మొదటి రోజు నన్ను చూసి భయపడ్డారు. రెండో రోజుకి మామూలైపోయారు. మిషనుకి నలభై ఒక్క రోజులు చాలలేదు. నేను ఎక్కడికీ పారిపోలేదు."

గెజిట్ రెండుసార్లు చదివాడు. "ఈ ప్లగ్గు సంగతి నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. ఆ మాట కోపంగా అందామనుకున్నాడు గానీ అలా రాలేదు.

"నువ్వు అడగలేదు. నాలుగు ముక్కలు అడిగావు. వాటిలో మొదటిది నా పేరు."

అయినా చెయ్యి ఊరుకోదు కదా, పెన్ను తీసి "ప్లగ్గు" అన్నచోట "విద్యుత్ అనుసంధానం" అని దిద్దబోయాడు. అక్క చిన్నప్పుడు కొట్టినట్టే చేతి మీద ఒక్కటి కొట్టి కాగితం లాక్కుంది.

కౌంటర్లో దీపం పచ్చగా వెలిగింది. నాలుగు శాతం. అమ్మాయి ముద్ర వేసి, కాగితం పక్కన పెట్టబోతూ ఆగి చదవడం మొదలుపెట్టింది. ప్లగ్గు దగ్గర ఫక్కున నవ్వింది. పిల్లల దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపేసింది. "ఈ సీట్లో కూర్చున్నాక చివరిదాకా చదివిన అర్జీ ఇదొక్కటేనండీ," అంది.

"మరి నావి?" అన్నాడు గెజిట్. అడక్కుండా ఉండాల్సింది.

"మీవి చదవక్కర్లేదు కదండీ. పైన ఎవరో, కింద ఏం కావాలో చూస్తే సరిపోతుంది." ఆ పిల్ల దాన్ని పొగడ్తగానే చెప్పింది. ముప్పై ఒక్క ఏళ్లలో తన ఎదుటి కుర్చీలో కూర్చుని వెళ్లిన వేలమందీ అర్జీ మధ్యలో ఏం చెప్పదలుచుకున్నారో ఆయనకు ఒక్కరిది కూడా తెలియదని అప్పుడు తట్టింది. తట్టి, చాలా నొప్పిగా అనిపించింది.

పదకొండు రోజులకి ఉత్తర్వు వచ్చింది. అర్జీదారురాలి విన్నపమును సానుభూతితో పరిశీలించి, సదరు నలభై ఒక్క దినములను హాజరుగా పరిగణించడమైనది. అంటే ఉద్యోగం నిలబడింది. గెజిట్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు, అక్కనూ పిలిపించి, జిరాక్స్ ఆయనకు టీ పోయించి మరీ చదివి వినిపించాడు. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది: ఈ ఉత్తర్వు యంత్రము ద్వారా తయారైనది, సంతకము అవసరము లేదు.

"మరి దీన్ని పరీక్షించరా?" అన్నాడు జిరాక్స్ ఆయన.

"ఆ నిబంధన జనం ప్రభుత్వానికి రాసేవాటికే. ప్రభుత్వం జనానికి రాసేవాటికి వర్తించదు. మనం మనుషులమని రుజువు చేసుకోవాలి. వాళ్లకా అవసరం లేదు." ఆ తర్వాత రెండో పేజీ కూడా చదివాడు. అర్జీదారురాలు తన ప్రస్తుత ముఖమును హాజరు యంత్రములో కొత్తగా నమోదు చేసుకొనవలెను. ముఖ సవరణకు సర్వీసు మొత్తంలో ఒక్కసారి మాత్రమే అవకాశం. నమోదైన ముఖంలో ఆపై మార్పు వచ్చినచో హాజరు చెల్లదు. గెజిట్ దీని మీద ఇంకో టీకి సరిపడా వెటకారం ఆడాడు. మొహాలకు కూడా సవరణ గడువు పెట్టారు చూశారా అన్నాడు. జిరాక్స్ ఆయనా తనూ నవ్వుకున్నారు. అక్క వెళ్లి మిషను ముందు నిలబడి, జారిన మొహాన్ని నమోదు చేయించుకుంది. మర్నాటి నుంచి అది ఆవిడకు స్వాగతం చెప్పడం మొదలుపెట్టింది.

నెల తర్వాత ఒక సెలవు రోజు పొద్దున గెజిట్ అక్క ఇంటికెళ్లాడు. ఆవిడ వంటింటి కిటికీ దగ్గర కూర్చుని బడి కర్టెనుకి చిరుగు కుడుతోంది. రెండు వారాల కిందట చూసినప్పుడు నోటి ఎడమ మూల కొంచెం పైకి లేచి ఉందని ఆయనకు బాగా గుర్తు. డాక్టరు బుగ్గలకూ కంటికీ ఏవో వ్యాయామాలు చెప్పాడని, రోజుకు మూడుసార్లు అద్దం ముందు చేస్తే ఆరు నెలల్లో మొహం మామూలవుతుందన్నాడని అప్పుడే చెప్పింది. ఇప్పుడు చూస్తే ఆ మూల మళ్లీ కిందికే ఉంది.

"వ్యాయామాలు సరిగ్గా చేస్తున్నావా?"

"మానేశాను."

"అదేంటి? పనిచేయట్లేదా?"

"పనిచేస్తోందిరా," అంది అక్క, సూది మీంచి కళ్లు తీయకుండా. "అందుకే మానేశాను. మూతపడని కన్ను కూడా మూతపడటం మొదలైంది. మొన్నామధ్య రెండు రోజులు మిషను నన్ను చూసి తెల్లమొహం వేసింది. మూడోసారికి గానీ ఒప్పుకోలేదు. ఇంకో నెల చేశాననుకో, పాత మొహం వచ్చేస్తుంది. పాత మొహం దాంట్లో లేదు."

గెజిట్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లంతా భగ్గుమంది. "మళ్లీ అర్జీ పెడదాం," అన్నాడు.

"ఒక్కసారే అని రాశారు కదా. నువ్వే చదివి వినిపించావు. నవ్వావు కూడా."

"ఇప్పుడు మానేస్తే తర్వాత బాగవుతుందా?"

"డాక్టరు చెప్పలేనన్నాడు."

ఎవరి మీద అరవాలో ఆయనకు తెలియలేదు. ఉత్తర్వు ఇచ్చినవాడి మీద అరుద్దామంటే అక్కడ సంతకం పెట్టిన మనిషే లేడు. చివరికి అక్క మీదే అరిచాడు. బుద్ధుందా అన్నాడు, ఇంత మూర్ఖత్వం ఎక్కడా చూడలేదన్నాడు, ఉద్యోగం పోతే పోయింది నా ఇంటికొచ్చి ఉండు అన్నాడు. అరుస్తూ అరుస్తూ కుర్చీలో కూలబడి ఏడ్చేశాడు.

అక్క కుట్టు పక్కన పెట్టి, మంచినీళ్లు తెచ్చి ఆయన చేతికిచ్చి, వీపు మీద చెయ్యి వేసింది. "ఇంక రెండేళ్ల నాలుగు నెలలే కదరా నా సర్వీసు," అంది, పలికే సగం నోటితో. "అప్పటిదాకా ఇలాగే ఉండనీ."